మామిడి మాను కట్టెల బండి ఎక్కకుండా: పెనుమూరు తోట కేస్ స్టడీ

పెనుమూరు దగ్గర ఒక రైతు తన పాత మామిడితోటలో రెండెకరాలు తీసేయాలనుకున్నారు. వాళ్ల నాన్న నాటిన చెట్లు. ఎక్కువ తోతాపురి, మధ్యలో కొన్ని నీలం, గట్టు మీద నాలుగైదు నాటు మామిళ్లు. కాపు బాగా తగ్గిపోయింది, చాలా చెట్లకు కాండం తొలిచే పురుగు పట్టింది. వేలూరు వైపు నుంచి వచ్చే కట్టెల వ్యాపారి తోట చూసి టన్ను లెక్కన ధర చెప్పి, అడ్వాన్సు చేతిలో పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ రైతుకు బంధువైన ఒక ఆచారి నా దగ్గర జిగురు, స్క్రూలు కొంటుంటాడు. "ఒకసారి వచ్చి చూడన్నా, అంత లావు మాన్లు పొయ్యిలోకి పోతాండాయి" అని ఫోన్ చేశాడు.

తిరుపతిలో నాకు వడ్రంగి సామాన్ల దుకాణం ఉంది. దానితో పాటు రేణిగుంట రోడ్డు వైపు కలప ఆరబెట్టి ఇచ్చే చిన్న షెడ్డు నడుపుతున్నాను. కోత మిల్లు నాది కాదు. లైసెన్సున్న మిల్లులో కూలికి కోయించుకుంటాను.

మామిడి కలపకు మా ప్రాంతంలో చెడ్డపేరుంది. పుచ్చుతుంది, నల్లబడుతుంది, వంకర్లు పోతుంది అంటారు. మూడూ నిజమే. అయితే ఈ మూడింటికీ పునాది పడేది చెట్టు నేలకొరిగిన మొదటి రెండు మూడు వారాల్లో. ఆ వారాల్లో మామిడి దుంగను ఎవరూ పట్టించుకోరు. బరువుకు కొనేవాడికి అది నల్లబడినా ఒకటే, పుచ్చినా ఒకటే. పెనుమూరు తోటలో మేం ఆ మొదటి వారాల మీదే దృష్టి పెట్టాం. ఏం చేశామో, ఏం దక్కిందో, ఏది దక్కలేదో వివరంగా రాస్తున్నాను. మీ ఊళ్లో పాత తోట తీసేస్తుంటే పనికొస్తుంది.

ముందు మార్కెట్ సంగతి. తిరుపతి టింబర్ డిపోల్లో ఇప్పుడు కనిపించేది చాలావరకు ఓడల్లో వచ్చిన కలప. ఘనా, బెనిన్, టాంజానియా, ఈక్వెడార్, కోస్టారికా తోటల టేకు, మలేషియా సాల్, న్యూజిలాండ్ పైన్. తూత్తుక్కుడి, చెన్నై, కాండ్లా రేవుల్లో దిగి లారీల్లో మన దాకా వస్తుంది. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేశాక బర్మా టేకు చోటును ఈ తోటల టేకే తీసుకుంది. ప్లైవుడ్ కేరళ పెరుంబావూరు నుంచి, హర్యానా యమునానగర్ నుంచి వస్తుంది. ఇక మన చుట్టూ పెరిగే వేప, పనస, నిద్రగన్నేరు, మామిడి ఆచారులు అడిగితే తప్ప డిపో ముందుకు రావు. మామిడి అయితే బాయిలర్లకూ ఇటుక బట్టీలకూ పోతుంది. పూర్వం కాయల పెట్టెలకైనా వాడేవాళ్లు, ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాక ఆ గిరాకీ కూడా పోయింది. ఇదే మామిడి చెక్కతో జోధ్‌పూర్ కార్ఖానాలు టేబుళ్లు, అల్మారాలు చేసి యూరప్‌కీ అమెరికాకీ ఏళ్లుగా ఎగుమతి చేస్తున్నాయి. దేశంలో తోతాపురికి పెట్టింది పేరైన చిత్తూరు జిల్లాలో మాత్రం ఆ మాను బరువుకు అమ్ముడుపోతోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

కొలత

మొదటి రోజు తోటలో టేపు, సుద్దముక్క పట్టుకుని చెట్టు చెట్టూ తిరిగాం. దుంగను కొలిచే పద్ధతి కలప వ్యాపారంలో అందరికీ తెలిసిందే. చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 144తో భాగిస్తారు. చుట్టుకొలత, దాని నాలుగో వంతు అంగుళాల్లో, పొడవు అడుగుల్లో. చుట్టుకొలత 60 అంగుళాలు, పొడవు 7 అడుగులు ఉన్న దుంగ తీసుకోండి. నాలుగో వంతు 15. 15 ఇంటూ 15 అంటే 225, ఇంటూ 7, బై 144. దాదాపు 10.9 ఘనపుటడుగులు.

తోట యజమాని పెద్దాయన ఇది విని, "ఏం సామీ, నాలుగో వంతు అంటాండావు, తక్కింది ఎవురికి?" అని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది. అదే దుంగను నిజమైన గుండ్రటి లెక్కలో కొలిస్తే 13.9 ఘనపుటడుగులు వస్తుంది (వ్యాపారంలో ఉత్త అడుగులు అనేస్తారు). నాలుగో వంతు లెక్కలో చేతికొచ్చేది అసలు ఘనపరిమాణంలో 78.5 శాతమే. మిగతా 21.5 శాతం బెరడు చెక్కలకూ రంపపు పొట్టుకూ ముందే వదిలేసినట్టు. వ్యాపారమంతా ఈ లెక్కలోనే నడుస్తుంది కాబట్టి ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. అందులో మోసమేమీ లేదు. కాని రైతుకు రెండు లెక్కలూ తెలియాలి. ఒకడు టన్నుకు చెప్పి, ఇంకొకడు అడుగుకు చెబితే ఎవరు ఎక్కువిస్తున్నారో ఆయనే తేల్చుకోగలగాలి. అందుకని ఒక దుంగను వేబ్రిడ్జి మీద పెట్టించాం. పైన చెప్పిన సైజుది మూడున్నర క్వింటాళ్లకు కాస్త అటూ ఇటూ తూగింది. అంటే పచ్చి మామిడి దుంగ టన్నుకు సుమారు 30 అడుగులు. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే చాలు, కట్టెల ధరనూ కలప ధరనూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

మామిడిలో ఇంకో చిక్కుంది. అంటు చెట్లు కిందనుంచే కొమ్మలు వేస్తాయి. మనిషెత్తు దాటాక తిన్నని మాను దొరకడం కష్టం. పది మీటర్ల ఎడంలో, ఎకరాకు 40 చెట్ల లెక్కన నాటిన పాత తోటల్లో గాలీ వెలుతురూ బాగా అందుతాయి కాబట్టి చెట్టు పైకి కాకుండా పక్కలకు పోతుంది. అందుకే మాకు ఎక్కువగా నాలుగు నుంచి ఆరడుగుల దుంగలే వచ్చాయి. గట్టు మీది నాటు మామిళ్లు మాత్రం విత్తనం నుంచి పెరిగినవి. వాటిలో ఎనిమిది, తొమ్మిది అడుగుల తిన్నని మాను దొరికింది. కొనేవాళ్లను ఈ పొడవులకు తగ్గట్టు వెతుక్కోవాలి. తలుపులు, మంచాలు అనుకుంటే ఈ పని మొదలుపెట్టకండి.

ప్రతి మానునూ సుత్తితో తట్టి చూశాం. చెట్టు మొదట్లో పొట్టు రాలి ఉంటే లోపల పురుగు ఉన్నట్టే. సుత్తి దెబ్బకు డొల్ల చప్పుడు వచ్చినవాటిని పక్కన పెట్టాం. మొత్తం చెట్లలో ఇంచుమించు మూడో వంతు ఇలా తేలాయి. అవీ, కొమ్మలూ, వేరు మొద్దులూ ఆ కట్టెల వ్యాపారే తీసుకున్నాడు. ఆయనను తప్పించాలనే ఆలోచన మాకు లేదు. కట్టె కట్టెగానే పోవాలి, మాను మానుగా పోవాలి, అంతే.

కాగితాలు

పట్టా భూమిలో చెట్టు కొట్టడానికి కూడా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి నిబంధనలున్నాయి. కొన్ని జాతులకు మినహాయింపు ఇచ్చారు. మీ చెట్టుకు అనుమతి కావాలో వద్దో ఊళ్లో మాటమీద కాకుండా అటవీ రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. దుంగ కదలాలంటే 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు కూడా చూసుకోవాలి. మిల్లులకు వేరే లైసెన్సు నిబంధనలున్నాయి, కాబట్టి ఎక్కడ కోయిస్తున్నారో అక్కడి కాగితం జిరాక్స్ కూడా దగ్గర పెట్టుకోండి.

మన జిల్లాల్లో ఈ జాగ్రత్త మిగతా చోట్ల కంటే ఎక్కువ అవసరం. శేషాచలం కొండల ఎర్రచందనం వల్ల కలప లారీ అంటేనే అనుమానంగా చూస్తారు. ఎర్రచందనం అక్రమ రవాణాను ఆపే టాస్క్‌ఫోర్స్ తిరుపతి కేంద్రంగానే పనిచేస్తోంది. రాత్రిపూట దుంగల లోడు తీసుకెళ్లమంటే డ్రైవర్లు ఒప్పుకోరు, ఒప్పుకున్నా టెన్షన్ తోనే వస్తారు. మేం పగటిపూటే, పైన టార్పాలిన్ కప్పకుండా, దుంగలు కనపడేలా తెచ్చాం. మామిడి దుంగ కోసిన చోట లేత పసుపు, బూడిద రంగు కలిసి ఉంటుంది. తెలిసినవాళ్లకు ఒక్క చూపు చాలు.

తోట రెండు సర్వే నంబర్లలో ఉంది. ఒక నంబరుకు కాగితాలు త్వరగా పూర్తయ్యాయి. రెండోదానికి పాసుపుస్తకంలో విస్తీర్ణం తేడా ఉండడంతో అది సరిచేసుకోవడానికి సమయం పట్టింది. ఈలోపు చెట్లు మాత్రం రెండువైపులా పడిపోయాయి, ఎందుకంటే కొట్టే కూలీలు మళ్లీ దొరకరని రైతు ఒకేసారి కానిచ్చేశారు. అలా ఒకే తోట, ఒకే జాతి, ఒకే వారంలో పడిన చెట్లు రెండు లాట్లయ్యాయి. మొదటిది వారం తిరక్కుండా మిల్లు చేరింది. రెండోది నెల పైగా తోటలోనే ఉండిపోయింది. ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైన పాఠం దొరికింది ఇక్కడే, దాని సంగతి కాస్త ఆగి చెబుతాను.

కోత

సంక్రాంతి అయ్యాక కొట్టించాం. పున్నమికి కొట్టిన మాను పుచ్చుతుందని మన పల్లెల్లో నమ్మకం. పెద్దాయన అమావాస్య దగ్గర పడేదాకా ఆగుదామన్నారు, ఆగాం. ఆయన తోట, ఆయన నమ్మకం. పైగా ఈశాన్య రుతుపవనాల తడి తగ్గి, లారీ దిగబడకుండా నేల గట్టిపడడానికి ఆ ఆగడం కలిసొచ్చింది.

మాను పడిన గంటలోపే రెండు చివర్లకూ పూత వేయించాను. మైనం ఎమల్షన్ ఉన్నంతవరకు అది, అయిపోయాక ఇంట్లో మిగిలిపోయిన ఎనామిల్ పెయింటు రెండు కోట్లు. కలపలో నీళ్లు పక్కల కంటే చివర్లనుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతాయి. చివర ముందే ఆరి కుంచించుకుంటే, ఇంకా తడిగా ఉన్న లోపలి భాగం అడ్డుపడుతుంది, దాంతో నెర్రెలు పడతాయి. నాలుగడుగుల దుంగలో రెండువైపులా నాలుగేసి అంగుళాలు నెర్రెలకు పోతే మిగిలేదెంత? చిన్న దుంగలకు ఈ పూత ఇంకా ముఖ్యం.

కొట్టేవాళ్లకు ఫుల్ చేతుల చొక్కాలు, చేతులకు కొబ్బరినూనె. మామిడి సొన తగిలితే కొందరికి చర్మం పొక్కిపోతుంది. మిల్లులో పొట్టు కూడా కొందరికి దురద పెడుతుంది, కాబట్టి మాస్కు తప్పనిసరి.

మిల్లువాళ్లు తోట చెట్లంటే వెనకాడడానికి కారణం మేకులు. కంచె తీగ, బోర్డు మేకు, తాడు కొక్కెం, ఏదో ఒకటి మానులో కలిసిపోయి ఉంటుంది. బ్యాండ్‌సా బ్లేడుకు తగిలితే పళ్లన్నీ పోతాయి. చేతిలో పట్టుకునే మెటల్ డిటెక్టర్‌తో ప్రతి దుంగనూ తడిమి, అనుమానం ఉన్నచోట సుద్దతో గుర్తు పెట్టించాను. ఒక తోతాపురి దుంగలో బెరడుకు మూడంగుళాల లోపల ఉయ్యాల కొక్కెం దొరికింది. దాని చుట్టూ అరచేయంత మేర చెక్క నీలం కలిసిన నలుపుకు తిరిగింది. కలపలోని వగరుకూ ఇనుముకూ పడిన మచ్చ అది. పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. తన చెల్లెలి కోసం నాన్న కట్టిన ఉయ్యాలదట. ఆ ముక్కను కోయకుండా ఆయనకే ఇచ్చేశాం.

పలకలు రెండు మందాల్లో కోయించాం. అంగుళంపావు, రెండుంబావు. ఆరి, చిత్రిక పట్టాక అవి అంగుళం, రెండంగుళాలు అవుతాయి. దుంగ నడిబొడ్డున ఉండే మెత్తటి గుజ్జు భాగాన్ని ప్రతి దుంగలో పక్కకు తీసేశాం. దాన్ని పలకలో ఉంచితే ఎంత జాగ్రత్తగా ఆరబెట్టినా నడుమ చీలుతుంది.

వెలిగారం తొట్టి

టేకుకు చేవ ఉంటుంది, ఆ చేవలోనే పురుగును దూరం పెట్టే గుణం ఉంటుంది. మామిడిలో చాలా దుంగలకు చేవ అంటూ విడిగా కనపడదు. మానంతా తెల్ల భాగమే అనుకోవాలి. ఆ తెల్ల భాగంలో ఉన్న పిండిపదార్థమే పుచ్చు పురుగుకు ఆహారం. కాబట్టి రక్షణ మనమే లోపలికి పంపాలి.

షెడ్డులో ఇటుకలు పేర్చి, మందపాటి టార్పాలిన్ పరిచి తొట్టి కట్టాం. 100 లీటర్ల గోరువెచ్చటి నీళ్లకు 6 కిలోల వెలిగారం (బోరాక్స్), 4 కిలోల బోరిక్ యాసిడ్. రెండూ కలిపితే ఒక్కొక్కటి విడిగా కరిగే దానికంటే బాగా కరుగుతాయి. రెండంగుళాల పలకలకు మందు పాళ్లు రెట్టింపు చేశాం. పలక మిల్లునుంచి వచ్చినరోజే, ఇంకా చేతికి తడి తగులుతుండగానే ముంచాలి. ఎందుకంటే మందు లోపలికి ప్రయాణించేది పలకలోని నీటి ద్వారానే. ఆరిన పలకను ముంచితే పైపైన తెల్లటి పొడి మిగులుతుంది, లోపలికి ఏమీ పోదు. ముంచి తీశాక అడ్డబద్దలు పెట్టకుండా ఒకదానిమీద ఒకటి పేర్చి ప్లాస్టిక్ షీటుతో గాలి చొరకుండా కట్టేశాం. అంగుళంపావు పలకలను దాదాపు నాలుగు వారాలు, లావువాటిని దానికి రెట్టింపు కాలం అలాగే ఉంచాం. పైన కాస్త బూజు పట్టింది, తర్వాత చిత్రికకు పోయింది.

పెద్దాయన ఒకరోజు షెడ్డుకు వచ్చి సంచిలో చేయిపెట్టి పొడి తీసి చూశారు. "ఇది పూతకు కొట్టే బోరానే గదా సామీ" అన్నారు. అవును, అదే. మామిడి రైతులు పిందె నిలవడానికి కొద్ది మోతాదులో కొట్టేది ఇదే. కాని తొట్టిలో మిగిలిన నీళ్లు ఆ మోతాదులో ఉండవు. వాటిని చెట్ల మొదట్లో పోస్తే ఆకులు మాడిపోతాయి. బావి వైపుకో, కాలువలోకో వదలకూడదు. మేం ఆ నీళ్లను మూతపెట్టి ఉంచి తర్వాతి కోతకు కొత్త మందు కలిపి వాడుకుంటున్నాం.

మందు లోపలిదాకా చేరిందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. పలకను మధ్యలో అడ్డంగా కోసి, కోతమీద పసుపును స్పిరిట్‌లో నానబెట్టి తీసిన రసం రాయాలి. అది ఆరాక, శాలిసిలిక్ యాసిడ్ కలిపి పలుచన చేసిన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను చుక్కలుగా వేయాలి. బోరాన్ ఉన్నచోట పసుపు ఎర్రగా మారుతుంది, లేనిచోట పసుపుగానే ఉంటుంది. పసుపుకు వెలిగారం, నిమ్మరసం కలిపి కుంకుమ చేసే ఇళ్లవాళ్లకు ఈ రంగు మారడం కొత్తేమీ కాదు. అంగుళంపావు పలకల్లో అంచునుంచి అంచుదాకా ఎరుపు వచ్చింది. రెండంగుళాల వాటిలో కొన్నింటికి నడుమ సన్నటి పసుపు గీత మిగిలింది. వాటిని మళ్లీ ముంచి కట్టాం.

ఒక హద్దు చెప్పాలి. ఈ మందు నీటిలో కరిగేదే కాబట్టి వాన తగిలితే కొట్టుకుపోతుంది. ఇంటి లోపలి వస్తువులకే ఇది సరిపోతుంది. గడపలకూ కిటికీలకూ వద్దు. కూరగాయలు తరిగే చెక్కలు, గరిటెలు, పళ్లేలు కూడా ఈ పలకలతో చేయకూడదు.

రెండో లాటు

నెల దాటాక రెండో సర్వే నంబరు దుంగలు మిల్లుకొచ్చాయి. చివర్లకు పూత వేసి, కొమ్మలు కప్పి ఉంచినా, కోసి చూస్తే మొదటి లాటుకూ దీనికీ పోలికే లేదు. తేనెరంగుకు తిరగాల్సిన పలకమీద చివరనుంచి లోపలికి నీలి చారలు పారాయి. దానితో పాటు గుండుసూది మొన అంత రంధ్రాలు, ఒక్కో రంధ్రం చుట్టూ నల్లటి అంచు.

ఆచారులకు ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి. కలపలో రంధ్రం కనపడగానే పుచ్చింది అని పారేస్తుంటారు. రంధ్రాల్లో రెండు రకాలున్నాయి. నల్ల అంచు ఉండి, పొడి రాలనివి పచ్చి దుంగలో చేరే పురుగువి. అది లోపల బూజు పెంచుకుని దాన్ని తింటుంది. కలప ఆరితే బూజు చస్తుంది, పురుగూ చస్తుంది, ఆ తర్వాత ఏమీ పెరగదు. అంచు శుభ్రంగా ఉండి, గోధుమపిండి లాంటి మెత్తటి పొడి రాలుతుంటే అది ఆరిన కలపను తినే పుచ్చు పురుగు. ఫర్నిచర్ అయ్యాక కూడా ఏళ్లతరబడి తింటుంది, పక్క వస్తువుకూ పాకుతుంది. మా రెండో లాటులో ఉన్నది మొదటి రకం. చెక్క బలానికి పెద్దగా నష్టం లేదు, నీలి చారల వల్ల కూడా బలం అంతగా తగ్గదు. కాని కొనేవాడి కంటికి అది మచ్చే. మొదటి లాటుకు పలికిన ధరలో సగానికి కాస్త పైన పలికింది. చెట్టు అదే, నేల అదే, కోసిన మిల్లు అదే. తేడా అల్లా తోటలో పడి ఉన్న ఆ వారాలే.

ఆరబెట్టడం

ప్లాస్టిక్ విప్పాక పలకల మధ్య అంగుళం అడ్డబద్దలు పెట్టి పేర్చాం. బద్దలన్నీ కిందనుంచి పైదాకా ఒకే వరసలో నిలువుగా ఉండాలి, చివరి బద్ద పలక అంచుకు ఆనుకుని ఉండాలి. అడుగు నేలనుంచి ఒకటిన్నర అడుగు ఎత్తు. పైన రేకు, ఆ రేకు ఎగరకుండానూ పలక మెలి తిరగకుండానూ సిమెంటు దిమ్మెలు. ఏప్రిల్, మే వడగాలికి పక్కల గ్రీన్ షేడ్ నెట్ కట్టాం. మన తిరుపతి ఎండలో సమస్య ఆరకపోవడం కాదు, మరీ వేగంగా ఆరి నెర్రెలివ్వడం.

తేమ మీటరు గురించి, దాన్ని అమ్మేవాడిగా చెబుతున్నాను. సూదులు గుచ్చే మీటరు కలపలో కరెంటు ఎంత పారుతుందో చూసి తేమ చెబుతుంది. వెలిగారం ఉప్పు జాతి కాబట్టి మందు పట్టిన పలకలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఇలాంటి కలపకు ఓవెన్ పద్ధతే నమ్మకం. పలక చివరకాకుండా లోపలినుంచి అంగుళం ముక్క కోసి తూచి, 103 డిగ్రీల సెల్సియస్‌లో బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టి మళ్లీ తూచాలి. ఒక ముక్క మొదట 148 గ్రాములు, చివరికి 124. తగ్గిన 24ను 124తో భాగిస్తే 19 శాతం పైన. అంటే ఇంకా ఆగాలి. మే చివరికి అంగుళంపావు పలకలు 12 శాతం దగ్గరకు వచ్చాయి. గాలిలో తేమ 65 శాతం దగ్గర ఉన్నప్పుడు కలప నిలకడగా ఉండేది ఇంచుమించు ఆ అంకె దగ్గరే. ఏసీ గదికి పోయే టేబులైతే ఇంకా కిందికి, 9, 10కి దించాలి. లావు పలకలు ఆ వేసవికి సిద్ధం కాలేదు, వాటిని ఇంకో వేసవికి ఉంచాం.

జిగురు దగ్గర కూడా ఒక జాగ్రత్త. తెల్ల జిగురుకు వెలిగారం తగిలితే అది ముద్దకడుతుంది. కాబట్టి పలక పైపొర చిత్రికతో పూర్తిగా తీసి, తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చి, ఆరోజే అతకాలి. ముందు రెండు ముక్కలు అతికి సుత్తితో విరగ్గొట్టి చూడండి. అతుకు దగ్గర కాకుండా చెక్కలోనే విరిగితే పని మొదలుపెట్టొచ్చు.

ఎవరు కొన్నారు

తిరుపతిలో కొత్తగా పెట్టిన ఒక టిఫిన్ హోటల్‌వాళ్లు టేబుల్ పైపలకలకు మొదటి లాటులో పెద్ద వాటా తీసుకున్నారు. ఐదడుగుల పొడవు వాళ్లకు సరిగ్గా సరిపోయింది. పెళ్లిపీటలు చేసే ఆచారి చిన్న ముక్కలన్నీ ఏరుకున్నాడు. తిరుపతిలో పెళ్లిళ్లకు కొదవ లేదు కాబట్టి ఆ గిరాకీ ఏడాది పొడుగునా ఉంటుంది. ఏర్పేడు దగ్గర మాధవమాల శిల్పుల్లో ఒకరికి లావు ముక్కలు నమూనాకు పంపాను. మామిడిలో నార ఒకవైపే పోకుండా మెలి తిరుగుతుంది, దేవుడి ముక్కు, వేళ్లు చెక్కేటప్పుడు పెచ్చు లేస్తోంది అని తిప్పి పంపారు. పీఠాలకు, పెద్ద పెద్ద ఆకారాలకు పనికొస్తుంది, సన్నటి పనికి కాదు. ఆయన చెప్పింది సరైన మాట. నీలి చారల లాటును ఒక ఫొటో ఫ్రేముల వర్క్‌షాప్ తీసుకుంది, పెయింటు వేస్తారు కాబట్టి వాళ్లకు మచ్చ అడ్డు కాలేదు.

డబ్బు లెక్క. మంచి దుంగలో నాలుగో వంతు లెక్కన కొలిచిన ప్రతి వంద అడుగులకూ మిల్లులో అరవైకి కాస్త పైన పలక వచ్చింది. ఆరాక నెర్రెలు, వంకరలు, పొట్టి ముక్కలు తీసేస్తే అమ్మకానికి నిలిచింది యాభై చిల్లర. కోత కూలి, మందు, లారీ, షెడ్డులో పేర్చే కూలి, ఐదారు నెలలు డబ్బు ఇరుక్కుపోయిన ఖర్చు, అన్నీ పోగా రైతుకు ఆ మంచి దుంగల మీద కట్టెల ధరకు రెండు రెట్ల పైచిలుకు ముట్టింది. తోట మొత్తం మీద చూస్తే, కొమ్మలూ డొల్ల మాన్లూ కట్టెగానే పోయాయి కాబట్టి, ఒకటిన్నర రెట్లకు దగ్గర. ఇందులో అందరికీ అందే పెద్ద లాభం ఉందని చెప్పను. కట్టెల వ్యాపారి అక్కడికక్కడే నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు. మా పద్ధతిలో సగం డబ్బు వేసవి దాకా ఆగాలి. పెళ్లో, ఆసుపత్రి ఖర్చో ముందుండి ఆగలేని రైతును ఆగమనడం తప్పు. అందుకే దుంగ మిల్లు చేరిన రోజునే కట్టెల ధర మొత్తం రైతు చేతిలో పెట్టాను, పైన వచ్చేది పలక అమ్మిన తర్వాత. దీనికి నా దగ్గర పెట్టుబడి ఉండాలి, అందుకే ఏడాదికి ఒకటి రెండు తోటలకు మించి ఒప్పుకోలేకపోతున్నాను.

2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు తన వంతుగా కలిపి రైతుకు 12 రూపాయలు అందేలా చూస్తామని ప్రకటించాల్సి వచ్చింది. అప్పటినుంచి ఐరాల, తవణంపల్లె, బంగారుపాళ్యం వైపునుంచి తోట తీసేస్తున్నామంటూ ఫోన్లు పెరిగాయి. కాపున్న చెట్టును కలప కోసం కొట్టొద్దని ముందు చెబుతాను. మామిడి మాను ధర చూసి కాసే చెట్టును తీసేయడం ఏ లెక్కలోనూ గిట్టదు. తీసేయడం ఖాయమైతే మాత్రం మూడు విషయాలు అడుగుతాను. కాగితాలన్నీ చేతికొచ్చాకే మొదటి చెట్టు పడాలి. కొట్టే తేదీ, మిల్లు తేదీ, తొట్టి తేదీ మూడూ ఒకే వారంలో కుదరాలి. పాసుపుస్తకంలో సర్వే నంబర్లు, విస్తీర్ణం సరిగా ఉన్నాయో లేదో సంక్రాంతి ముందే చూసుకోవాలి. తవణంపల్లె దగ్గర ఒక తోటకు ఇప్పుడు అదే పని నడుస్తోంది. సర్వేయరు వచ్చి హద్దులు చూపించి వెళ్లాడు, చెట్లమీద సుద్ద గుర్తులు పడ్డాయి, గొడ్డలి ఇంకా తోటలోకి రాలేదు.